ఈ బండి ఎక్కడికి పోతుంది?

గది పదడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. అందులో ఒక రైల్వే పట్టాలి. పట్టాలు కొనకముందు, చెక్క కోయకముందు కాగితం మీద తేలాల్సిన లెక్క ఒకటుంది. మోడల్ రైల్వే కట్టేవాళ్లు దాన్ని ట్రాక్ ప్లాన్ అంటారు. ఏళ్ల తరబడి విసుగు రాని లైను కావాలంటే శ్రద్ధంతా పెట్టాల్సింది అక్కడే.

బొమ్మ రైలు పెట్టె కొంటే అందులో ఒక ఇంజను, నాలుగు బోగీలు, గుండ్రంగా అమర్చుకునే వంకర పట్టాలు వస్తాయి. పిల్లలు నేల మీద బోర్లా పడుకుని, కన్ను పట్టాల ఎత్తుకు దించి, ఇంజను తమ మీదికి దూసుకురావడం చూస్తారు. మొదటి రోజు పండగే. రెండో రోజుకు బండి పట్టాలు తప్పేదాకా వేగం పెంచుతారు. వారం తిరిగేసరికి పెట్టె అటకెక్కుతుంది. పిల్లలకు దేనిమీదా నిలకడ ఉండదని పెద్దలు సరిపెట్టుకుంటారు. తప్పు పిల్లలది కాదు, ఆ పట్టాల అమరికది. బయల్దేరిన చోటికే మళ్లీ వచ్చే బండికి చేరాల్సిన ఊరు లేదు, దించాల్సిన సరుకు లేదు, ఎదురుగా వచ్చే బండి కోసం ఆగాల్సిన అవసరం లేదు. పెద్దవాళ్లు లక్షలు పోసి కట్టే లేఅవుట్లలోనూ ఇదే లోపం కనిపిస్తుంది. కొండలు, సొరంగాలు, దీపాలు వెలిగే ఇళ్లు అన్నీ ఉంటాయి. బండి మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

జర్మనీలోని హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌ల్యాండ్ లాంటి మహా ప్రదర్శనశాలకు అది సరిపోతుంది. అక్కడ చూసేవాళ్లు కాసేపు నిలబడి ముందుకు కదులుతారు. బండి వాళ్ల ముందు నుంచి పోతూ ఉంటే చాలు. ఇంట్లో కట్టుకునేవాళ్ల సంగతి వేరు. రోజూ చూసేది వాళ్లే, నడిపేదీ వాళ్లే. వాళ్లకు కావాల్సింది ప్రతి సాయంత్రం చేయడానికి ఏదో ఒక పని ఉన్న రైల్వే.

ఆర్మ్‌స్ట్రాంగ్ గళ్లు

ఈ ఆలోచనకు శాస్త్రం కట్టినవాళ్లలో అమెరికన్ ఇంజనీర్ జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది మొదటి వరస. పుట్టింది 1920లో, న్యూయార్క్ రాష్ట్రంలోని కెనన్‌డైగ్వా అనే ఊళ్లో. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, ఉద్యోగం అమెరికా నౌకాదళ ఆయుధ పరిశోధనశాలలో. సిల్వర్ స్ప్రింగ్‌లోని తన ఇంట్లో ‘కెనన్‌డైగ్వా సదరన్’ అని సొంత ఊరి పేరుతో ఒక ఊహా రైల్వే కట్టుకున్నాడు. 1963లో ఆయన రాసిన ‘ట్రాక్ ప్లానింగ్ ఫర్ రియలిస్టిక్ ఆపరేషన్’ ఈ హాబీకి పాఠ్యపుస్తకమైంది. 2004లో ఆయన పోయాక కూడా కొత్తగా ఈ పని మొదలుపెట్టేవాళ్లకు పాతవాళ్లు ముందు చెప్పే పేరు అదే.

అంతకుముందు ప్లాన్లు లేవని కాదు. ‘మోడల్ రైల్‌రోడర్’ పత్రికకు తర్వాత సంపాదకుడైన లిన్ వెస్ట్‌కాట్ 1956లో 101 ట్రాక్ ప్లాన్లను ఒకే పుస్తకంగా తెచ్చాడు. నచ్చిన బొమ్మ ఎంచుకుని కట్టుకోవచ్చు. ఆర్మ్‌స్ట్రాంగ్ అడిగింది మరొకటి. ఈ రైల్వే ఎవరి కోసం నడుస్తుంది, ఏం మోస్తుంది, దాన్ని నడిపే మనిషి ఎక్కడ నిలబడతాడు? ముందు ఒక కాగితం మీద రెండు జాబితాలు రాయమన్నాడు. ఒకటి, మార్చలేనివి: గది కొలత, తలుపు, కిటికీ, స్తంభం, బీరువా. రెండోది, మనసుకు నచ్చినవి: ఆవిరి ఇంజన్లా కరెంటు ఇంజన్లా, ఎక్స్‌ప్రెస్‌లా గూడ్సులా, ఒక్కడే నడుపుతాడా నలుగురు స్నేహితులు కూడతారా. ఈ రెండో జాబితా నిజాయితీగా రాయడం కష్టం. చాలామంది అన్నీ కావాలంటారు. ఎక్స్‌ప్రెస్‌ల పరుగు ఇష్టమైనవాడికి, గూడ్స్ వ్యాగన్లను ఒక్కొక్కటిగా సైడింగ్‌లో, అంటే పక్క లైనులో, పెట్టడం ఇష్టమైనవాడికి గది ఒకటే అయినా ప్లాన్ ఒకటి కాదు.

తర్వాత వచ్చేది ఆయన గళ్ల పద్ధతి. మన లైనులో అతి ఇరుకైన మలుపు వ్యాసార్ధం తీసుకుని, దానికి పక్కపక్కన ఉండే రెండు పట్టాల మధ్య దూరాన్ని రెండింతలు చేసి కలపాలి. వ్యాసార్ధం 75 సెంటీమీటర్లు, పట్టాల ఎడం 5 సెంటీమీటర్లు అయితే మొత్తం 85. అదే ఒక గడి పొడవు. గది పటాన్ని ఆ గళ్లతో నింపాలి. బండి పూర్తిగా వెనక్కి తిరగాలంటే వెడల్పులో రెండు గళ్లు కావాలి. పదడుగులంటే 305 సెంటీమీటర్లు. అంటే గది వెడల్పులో మూడున్నర గళ్లున్నాయి. ఒక చోట బండిని తిప్పగానే రెండు గళ్లు అయిపోతాయి, మిగిలేది ఒకటిన్నర. దాని పక్కనే రెండో తిప్పుడు పట్టదు. ఇది తెలియడానికి పెన్సిల్, స్కేలు చాలు. గంటల తరబడి గీసి, చెరిపి, చివరికి అసాధ్యమని తెలుసుకునే శ్రమ తప్పుతుంది. నా లెక్కలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ హాబీకి చేసిన అతి పెద్ద మేలు ఇదే. కోరికను కొలతతో ముందుగానే రాజీ చేయించాడు.

బోగీ పొడవు చెప్పే తీర్పు

మలుపు 75 సెంటీమీటర్లే ఎందుకు? అది మీ బోగీ పొడవు మీద ఆధారపడి ఉంటుంది. ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేలులో అసలు వస్తువు 87వ వంతుకు తగ్గుతుంది. పాత ఐసీఎఫ్ బోగీ దాదాపు 21.3 మీటర్లు. తగ్గిస్తే 24.5 సెంటీమీటర్లు. కొత్త రకం ఎల్‌హెచ్‌బీ బోగీ 23.5 మీటర్లకు పైనే, తగ్గిస్తే 27. అనుభవజ్ఞులు చెప్పే లెక్క ప్రకారం అతి పొడవైన బోగీకి కనీసం మూడింతల వ్యాసార్ధం ఉంటే బండి నమ్మకంగా నడుస్తుంది. అంటే ఐసీఎఫ్‌కు 74, ఎల్‌హెచ్‌బీకి 81 సెంటీమీటర్లు. చూడముచ్చటగా ఉండాలంటే ఇంకా ఎక్కువ కావాలి. అదే గూడ్సు బళ్లలో కనిపించే బాక్స్‌ఎన్ వ్యాగను అసలు పొడవే 10.7 మీటర్లు, మోడల్లో 12 సెంటీమీటర్ల చిల్లర. దానికి 37 చాలు. గది చిన్నదైతే వందే భారత్‌ను మరిచిపోయి బొగ్గు బండి నడుపుకోమని ఈ అంకెలే చెబుతున్నాయి.

చోటు అసలు లేదంటే స్కేలు మార్చుకోవచ్చు. ఎన్ స్కేలు 160వ వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. అందులో ఎల్‌హెచ్‌బీ బోగీ 15 సెంటీమీటర్లలోపే. 1972లో జర్మన్ సంస్థ మార్క్లిన్ తెచ్చిన జెడ్ స్కేలు ఇంకా చిన్నది, 220వ వంతు. అయితే చిన్నదయ్యేకొద్దీ చేతికి పని తగ్గి కంటికి శ్రమ పెరుగుతుంది. వ్యాగన్లను జోడించడం, విడదీయడం ఇష్టపడేవాళ్లు నలభై దాటాక హెచ్‌ఓలోనే ఉండటం మంచిది.

మన రైల్వేను మోడల్ చేసేవాళ్లకు మరో చిక్కుంది. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది అమెరికా, ఐరోపాల స్టాండర్డ్ గేజ్‌కు సరిపోయే కొలత. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.3 రావాలి. బజారులో దొరికే పట్టాల మీద మన బోగీని పెడితే కింద పట్టాలు కాస్త ఇరుగ్గా కనిపిస్తాయి. చాలామంది సర్దుకుపోతారు. సర్దుకోలేనివాళ్లు చేత్తో పట్టాలు వేసుకోవాలి. మీటర్ గేజ్‌కు మాత్రం అదృష్టం కలిసొచ్చింది. వెయ్యి మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 11.5. బజారులో 12 మిల్లీమీటర్ల పట్టాలు దొరుకుతాయి. గుంతకల్లు, గుంటూరు, నంద్యాల వైపు ఒకప్పుడు తిరిగిన మీటర్ గేజ్ బళ్లు ఇప్పుడు లేవు. వాటిని మళ్లీ నడపాలని ఎవరికైనా కోరిక ఉంటే కొలతలు వాళ్ల పక్షానే ఉన్నాయి.

మధ్యలో బల్లా, గోడ చుట్టూ అరా?

ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులు, నాలుగడుగులు. అమెరికాలో తరాల తరబడి మొదటి లేఅవుట్ అంటే ఆ షీటే. ఇక్కడా అదే అలవాటైంది. కోయక్కర్లేదు, రెండు స్టాండ్ల మీద పెడితే సరి. కానీ చెయ్యి హాయిగా అందే దూరం రెండడుగులు, సాగదీస్తే రెండున్నర. నాలుగడుగుల బల్లను గోడకు ఆనిస్తే అవతలి అంచున పడిన బోగీని తీయలేరు. కాబట్టి అన్ని వైపులా నడిచే దారి కావాలి. చుట్టూ రెండడుగులు వదిలితే ఆ షీటు పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు తినేస్తుంది. గదిలో ఇక మంచం కూడా పట్టదు. ఇంత చోటు తిన్నాక అది ఇచ్చేది 22 అంగుళాల ఇరుకు మలుపు, ఇరవై అడుగులకు లోపు లైను.

అదే గదిలో గోడల వెంట అడుగున్నర వెడల్పు అర కట్టండి. మూలల్లో 30 అంగుళాల మలుపు పడుతుంది. లైను పొడవు దాదాపు 34 అడుగులు. చేతికందని చోటు ఉండదు. మనిషి మధ్యలో నిలబడి బండి వెంట తిరుగుతాడు. కన్ను ఒకసారి ఒక ఊరినే చూస్తుంది కాబట్టి బండి నిజంగా ఊరు దాటుతున్నట్టు ఉంటుంది. అర కింద బీరువాలు, పుస్తకాలు, చదువుకునే బల్ల పెట్టుకోవచ్చు. ఇంట్లోవాళ్ల సమ్మతి దొరకడానికి ఈ చివరి మాట బాగా పనికొస్తుంది. తలుపు దగ్గర మాత్రం పైకెత్తి తీసే చిన్న వంతెన కావాలి. మోకాళ్లకు ఓపికున్నవాళ్లు కింద నుంచి దూరతారు. వయసు మీదపడ్డాక ఏమవుతుందో ఇప్పుడే ఆలోచించి, తీసే వంతెనే కట్టుకోండి.

ఈ పోలిక చూశాక కూడా బల్లనే ఎంచుకునేవాళ్లున్నారు. ఇల్లు అద్దెదైతే అది న్యాయమే. మిగతావాళ్లకు నా సలహా అర. న్యూజెర్సీలోనో వర్జీనియాలోనో బేస్‌మెంట్ ఉన్న మనవాళ్లకైతే ఇంకా మంచిది. వాళ్లు అరను గోడల నుంచి గది మధ్యలోకి నాలుకలా చాపి, దాని చుట్టూ తిరిగి రావచ్చు. నడిచే దారి మాత్రం రెండున్నర అడుగులకు తగ్గకూడదు. ఇద్దరు ఎదురుపడి తప్పుకోవాలంటే మూడడుగులు కావాలి.

కాగితం మీద నడవాను చిన్నది చేసి పట్టాలు పెంచాలనే ఆశ ప్రతివారికీ కలుగుతుంది. ఖాళీ కనిపించిన చోటల్లా ఇంకో సైడింగ్, ఇంకో లూపు దూరుస్తారు. అమెరికా మోడలర్లు ఇలాంటి ప్లాన్‌ను స్పగెట్టి గిన్నె అని పిలుస్తారు. చివరికి పొలానికీ ఊరికీ చోటుండదు. ఒకే చెరువు పక్క నుంచి ఒకే బండి మూడుసార్లు పోతుంది. ఒక దృశ్యంలోంచి బండి ఒక్కసారే వెళ్లాలన్నది మంచి ప్లాన్‌కు గట్టి నియమం.

గోదావరి ఎన్ని స్పాన్లు?

34 అడుగులంటే పది మీటర్లకు కాస్త ఎక్కువ. 87తో హెచ్చిస్తే 900 మీటర్లు. గది చుట్టూ తిరిగినా అసలు లెక్కలో కిలోమీటరు నిండదు. మరి రెండూళ్ల మధ్య దూరం ఎలా చూపించాలి? దేన్ని కుదించాలో, దేన్ని తాకకూడదో ఎంచుకోవాలి. ప్లాన్ గీసేవాడి అభిరుచి బయటపడేది ఇక్కడే.

రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1997లో వచ్చిన ఆర్చి వంతెనను తీసుకోండి. 28 స్పాన్లు, ఒక్కొక్కటి 97.5 మీటర్లు. మొత్తం 2.7 కిలోమీటర్లు. హెచ్‌ఓలో అది 31 మీటర్లు. కల్యాణ మండపం అద్దెకు తీసుకోవాలి. ఒక్కో స్పానే 112 సెంటీమీటర్లు. గది పొడవంతా ఇచ్చినా మూడు స్పాన్లే పడతాయి, పక్కన ఊరుకు చోటుండదు. పొట్టి స్పాన్లు చేసి 28నీ చూపిస్తామంటే అది గోదావరి వంతెనలా ఉండదు. ఆ ఆర్చి గొప్పదనమంతా దాని సాగులో ఉంది. దీనికి నేను చూపే దారి పాత హేవలాక్ వంతెన. 1900లో మొదలై 1997 దాకా బళ్లను మోసింది. 56 స్పాన్లు, ఒక్కోటి 150 అడుగులు, అంటే దాదాపు 46 మీటర్లు. మోడల్లో 52 సెంటీమీటర్ల చిల్లర. ఐదు స్పాన్లు రెండున్నర మీటర్ల చిల్లరలో పడతాయి. ఒకే రకం గర్డర్లు ఒకదాని వెనుక ఒకటి ఐదు రాగానే కన్ను మిగతావాటిని తనే ఊహించుకుంటుంది. స్పాను కొలత ముట్టుకోకూడదు, సంఖ్య తగ్గించాలి.

బండి పొడవుకూ ఇదే సూత్రం. అసలు ఎక్స్‌ప్రెస్‌కు 24 ఎల్‌హెచ్‌బీ బోగీలుంటే మోడల్లో ఆరున్నర మీటర్లు దాటుతుంది. ఆరు బోగీలు, ఒక ఇంజను పెడితే దాదాపు 1.9 మీటర్లు. ఇప్పుడు స్టేషన్‌లో లూప్ లైను ఆ పొడవుకు తగ్గకూడదు. మనవాళ్లు ‘బండికి క్రాసింగ్ పడింది’ అని విసుక్కుంటారే, ప్లాన్‌కు ప్రాణం ఆ క్రాసింగే. రెండు బళ్లు ఎదురెదురుగా వచ్చి ఒకటి లూపులోకి తప్పుకోవాలంటే కనీసం ఆ ఒకటి లూపులో పూర్తిగా పట్టాలి. ఎనిమిది బోగీల బండి కొనుక్కుని ఐదు బోగీల లూపు వేసుకున్నవాడికి క్రాసింగ్ కుదరదు. ముందు బండి పొడవు నిర్ణయించండి, తర్వాత లూపు, ఆ తర్వాతే మిగతావి.

లైను రెండుగా చీలే చోట్లు, అంటే పాయింట్లు, కాగితం మీద ఎప్పుడూ అబద్ధం చెబుతాయి. చేత్తో గీస్తే రెండంగుళాల్లో లైను చీలిపోతుంది. అసలు పాయింటుకు ఒక కోణముంది. ఆరో నంబరు పాయింటు అంటే ఆరు పాళ్లు ముందుకు పోయేసరికి ఒక పాలు పక్కకు జరుగుతుంది. పట్టాల ఎడం 5 సెంటీమీటర్లయితే ప్రతి కొత్త లైనుకు 30 సెంటీమీటర్లు ముందుకు పోవాలి. ఐదు లైన్ల యార్డులో మొదటి చీలిక నుంచి చివరి లైను విడిపడేదాకా నాలుగడుగులు. ఆ నాలుగడుగుల్లో వ్యాగన్లు నిలపడానికి చోటు ఉండదు. తయారీదారుల పాయింటు నమూనాలను అసలు కొలతలో అచ్చువేసి, గది నేల మీద పరిచి చూసుకోవడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. ఎక్స్‌ట్రాక్‌క్యాడ్, స్కార్మ్, ఎనీరైల్ లాంటి సాఫ్ట్‌వేర్లు అబద్ధపు పాయింటును గీయనివ్వవు కాబట్టి అవీ మంచివే. ఒకటి గుర్తుంచుకోవాలి. తెర మీద నడవా ఎప్పుడూ విశాలంగానే కనిపిస్తుంది. నేల మీద కాగితాలు పరిచి, వాటి మధ్య నడిచి చూడాలి.

మలుపు మొదలయ్యే చోట సూటి పట్టా నుంచి నేరుగా వంపులోకి వెళ్తే బోగీ కుదుపుకు లోనవుతుంది. అసలు రైల్వేలోనూ మెల్లమెల్లగా వంపు పెంచుతారు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ కుదుపుకు లెక్కే కట్టాడు. ఎడమ వంపు వెంటనే కుడి వంపు వస్తే మధ్యలో కనీసం ఒక బోగీ పొడవు సూటి పట్టా ఉంచాలి. లేకపోతే పక్కపక్క బోగీలు చెరో వైపుకు లాగి పట్టాలు తప్పుతాయి.

బైలడిల్లా నుంచి రేవుకు, గోడ గుండా

ఇక మనకు దగ్గరి లైను ఒకటి తీసుకుందాం. కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండుల్ దాకా పోయే కేకే లైను. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసింది. ప్లాన్ గీసేవాడికి ఇంతకన్నా మంచి కథావస్తువు దొరకదు. ఈ బండి ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు ఆ లైను పుట్టుకే జవాబు. నిండు వ్యాగన్లు కిందికి, ఖాళీ వ్యాగన్లు పైకి. మధ్యలో పర్యాటకుల రైలు.

ముందు కష్టం చూడండి. సిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. మైదానం నుంచి దాదాపు 900 మీటర్లు ఎక్కాలి. హెచ్‌ఓలో అది పది మీటర్లు, మూడంతస్తుల మేడ. గదిలో బండి ఎంత ఎక్కగలదు? 1:50 వాలు పెడితే ఐదు మీటర్ల లైనుకు 10 సెంటీమీటర్లు. మలుపుల్లో రాపిడి కలుస్తుంది కాబట్టి ఇంజనుకు ఆ వాలు ఇంకా బరువు. కాబట్టి ఘాట్‌ను కొలతతో చూపించలేరు, ఉపాయంతో చూపించాలి. 10, 15 సెంటీమీటర్ల ఎక్కుడు చాలు. ఆ పక్కనే లోయను కిందికి కోయాలి. అర అంచును పట్టాల కన్నా అడుగు కిందికి దించి, అక్కడ గెడ్డ, దాని మీద ఎత్తైన వంతెన. కన్ను కింది నుంచి పైకి కొలుస్తుంది కాబట్టి ఘాట్ నిజమనిపిస్తుంది. సొరంగాలు ఈ లైనులో ప్లాన్ గీసేవాడికి వరం. అసలు దారిలో పదుల సంఖ్యలో ఉన్నాయి. గదిలో మూడు వేయండి. బండి ఒకదాంట్లోకి దూరి కొంచెం ఆలస్యంగా రెండో దాంట్లోంచి వస్తే నడుమ కొండ ఎంత పెద్దదో చూసేవాడే అనుకుంటాడు.

ఖనిజం సంగతి మరింత సొగసైనది. నిండు వ్యాగన్లను రేవులో ఖాళీ చేయాలి, గనిలో నింపాలి. చేత్తో ఖనిజం పోయడం, తీయడం అయ్యే పని కాదు. దీనికి మోడలర్లు కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. గనిని, రేవును ఒకే తెరకు రెండు వైపులా, వీపు వీపు ఆనించి కట్టండి. తెరకు రెండు కన్నాలు పెట్టి, రెండు లైన్లు గని లోపలి నుంచి రేవు లోపలికి పోనివ్వండి. పై నుంచి దిగిన నిండు బండిని రేవులో వ్యాగన్లను బోర్లించే టిప్లర్ షెడ్డులోకి నెడితే వ్యాగన్లు తెర దాటి గని వైపు తేలతాయి. అక్కడ అవి అప్పుడే నింపిన వ్యాగన్లు. గని కిందికి నెట్టిన ఖాళీలు రెండో లైను మీద రేవు వైపు ఖాళీలుగా తేలతాయి. నిండువి ఎప్పుడూ రేవుకే పోతాయి, ఖాళీలు ఎప్పుడూ కొండకే ఎక్కుతాయి. చూసేవాడికి తెర కనిపించదు, ఖనిజం కదిలినట్టే ఉంటుంది. సింగరేణి బొగ్గు గనికీ థర్మల్ విద్యుత్ కేంద్రానికీ ఇదే ప్లాన్ సరిగ్గా సరిపోతుంది.

మిగిలింది ప్రయాణికుల రైలు. అది అరకు నుంచి వచ్చి ఎక్కడికి పోవాలి? విశాఖకు. విశాఖ స్టేషన్‌కు ప్లాన్ గీసేవాళ్లు ప్రాణమిచ్చే గుణం ఒకటుంది. హౌరా, చెన్నైల మధ్య తిరుగుతూ విశాఖలోకి వచ్చే బండి వచ్చిన వైపే వెనక్కి బయటపడాలి. ఇంజను విప్పి, రెండో కొసకు మరొకటి తగిలిస్తారు. ముందు బోగీ వెనకవుతుంది. కిటికీ పక్క కూర్చున్నవాళ్లకు దిశ మారిపోతుంది. తెలుగు ప్రయాణికుల్లో ఈ అనుభవం లేనివాళ్లు తక్కువ. ప్రయాణికుడికి అది కాలయాపన. మోడల్ నడిపేవాడికి మాత్రం ప్రతి బండికీ ఉచితంగా దొరికిన పని: ఒక ఇంజను విడుదల, మరో ఇంజను రాక, రెండు సిగ్నళ్లు, ప్లాట్‌ఫారం ఖాళీ కోసం నిరీక్షణ.

ఇలాంటి కొస స్టేషన్‌ను అతి తక్కువ చోటులో ఎలా పట్టించాలో బ్రిటిష్ సంపాదకుడు సిరిల్ ఫ్రీజర్ 1957లో ‘మైనరీస్’ అనే ప్లాన్‌తో చూపించాడు. మూడు ప్లాట్‌ఫారాలు, రెండు లైన్లు, చేతివేళ్ల మీద లెక్కపెట్టగల పాయింట్లు. ఏ ప్లాట్‌ఫారంలోకైనా బండి రావచ్చు, ఏ ప్లాట్‌ఫారం నుంచైనా పోవచ్చు. పాయింట్లను కొద్దిగా మెలితిప్పి పేర్చడంతో ఎదురు వంపుల బెడద చాలావరకు తప్పించాడు. అరవై ఏళ్లు దాటినా బ్రిటన్‌లో ఆ ప్లాన్‌ను ఇప్పటికీ కడుతూనే ఉన్నారు. విశాఖను మూడు ప్లాట్‌ఫారాలకు కుదించడానికి మనసొప్పకపోవచ్చు. కుదించిన విశాఖలో నిండా పని ఉంటుంది, పరిచిన విశాఖకు గది చాలదు.

విశాఖ దాటిన బండి ఎక్కడికెళ్తుంది? దాచిన యార్డుకు. తెర వెనుకో, అర కిందో నాలుగైదు లైన్లు వేసి అక్కడ బళ్లను నిలిపి ఉంచుతారు. ఒకటి హౌరా, ఒకటి చెన్నై. ‘వర్జీనియన్ అండ్ ఒహాయో’ అనే ఊహా రైల్వే కట్టిన అలెన్ మెక్లెలండ్ ఈ ఆలోచనకు పెద్ద ప్రచారం తెచ్చాడు. మన లైను గది గోడతో ఆగిపోదు, దేశమంతటి రైల్వేలో ఒక ముక్క మాత్రమే అన్నది ఆయన వాదన. కొత్తవాళ్లు ప్లాన్‌లో ముందు కొట్టేసేది దాచిన యార్డునే, కనిపించదు కదా అని. ఊళ్లలో ఒకటి తగ్గించండి, దాచిన యార్డును మాత్రం తగ్గించకండి. బండికి ఎక్కడి నుంచో రావడం, ఎక్కడికో పోవడం అన్నవి ఇచ్చేది అదే.

ఒక హెచ్చరిక. బండిని తిప్పడానికి లైనును గుండ్రంగా మలిచి తనకు తానే కలిపితే ఎడమ పట్టా వెళ్లి కుడి పట్టాను తాకుతుంది. రెండు పట్టాల్లో కరెంటు నడిచే పద్ధతిలో అది షార్ట్ సర్క్యూట్. త్రికోణం లైనుకూ ఇదే చిక్కు. ఆ ముక్కను విడిగా తెంచి కరెంటు దిశ మార్చే ఏర్పాటు చేయాలి. ప్లాన్ గీసేటప్పుడే అక్కడ ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

ఐదు వ్యాగన్ల లెక్క

ఇంత చదివాక, గదే లేనివాళ్ల సంగతేమిటని కొందరు అడుగుతారు. వాళ్లకు ఈ హాబీలో అతి తెలివైన ప్లాన్ ఒకటుంది. బ్రిటిష్ మోడలర్ అలన్ రైట్ రూపొందించిన ‘ఇంగిల్‌నూక్ సైడింగ్స్’. రెండు పాయింట్లు, మూడు సైడింగ్‌లు. ఒక దాంట్లో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింట్లో మూడేసి పడతాయి. ముందున్న లైనులో ఇంజనుతో పాటు మూడు వ్యాగన్లకే చోటు. మొత్తం ఎనిమిది వ్యాగన్లు. చీట్లు తీసి ఐదింటిని ఎంచుకోవాలి. ఆ ఐదూ అదే వరసలో పొడవైన సైడింగ్‌లో నిలబడాలి. వినడానికి తేలిక. ఎనిమిదింటిలోంచి ఐదింటిని వరసగా పేర్చే విధాలు 6,720. ప్రతి సాయంత్రం ఒక వరస చొప్పున ఆడినా పద్దెనిమిదేళ్లు పడుతుంది. సైడింగ్‌ల పొడవు ఒక్క వ్యాగను పెంచితే ఆట చప్పబడుతుంది, ఒక్కటి తగ్గిస్తే ఆట సాగదు. ఆ 5, 3, 3 కొలతలోనే దాని ప్రతిభంతా ఉంది.

కాలిఫోర్నియాలోని మాంటెరీలో ఉండే జాన్ అలెన్ కూడా 1972లో ‘టైమ్‌సేవర్’ అనే షంటింగ్ చిక్కుముడి ప్రకటించాడు. ఆయన ‘గోరీ అండ్ డిఫీటెడ్’ లైను ఫొటోలు ఒక తరం మోడలర్లను తయారుచేశాయి. 1973 జనవరిలో ఆయన చనిపోయిన కొద్దిరోజులకే ఇంటికి నిప్పంటుకుని లేఅవుట్ దాదాపు మొత్తం పోయింది. టైమ్‌సేవర్ బాగుంటుంది కానీ ఆట కోసం మలిచిన ఆట అది. అసలు యార్డు అలా ఉండదు. ఇంగిల్‌నూక్ మాత్రం ఏ చిన్న ఊరి గూడ్స్ యార్డుగానైనా నమ్మేలా నిలబడుతుంది. మన వైపు రైస్ మిల్లు సైడింగ్, ఎరువుల గోదాం, గూడ్స్ షెడ్డు పెడితే మూడూ సరిపోతాయి.

మోడల్ రైల్వే నడుస్తుంటే చూడాలనుకునేవాళ్లకు పుణేలోని జోషి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. కానీ ప్లాన్ నేర్చుకోవడానికి అంత దూరం వెళ్లక్కర్లేదు. మీకు దగ్గరున్న స్టేషన్‌కు ప్లాట్‌ఫారం టికెట్‌తో వెళ్లి కాసేపు కూర్చోండి. గూడ్సు ఏ లూపులో ఆగింది, ఇంజను విడిపడి ఏ లైను మీదుగా రెండో కొసకు వచ్చింది, సైడింగ్ ఏ వైపు తెరుచుకుంది, ఎక్స్‌ప్రెస్ కోసం ఏ బండి ఎంతసేపు తప్పుకుంది, అన్నీ నోటు పుస్తకంలో గీసుకోండి. మన స్టేషన్లలో ఏ పట్టానూ ఊరికే వేయలేదు. ప్రతిదానికీ ఎప్పుడో ఒకప్పుడు ఒక కారణం ఉండేది. ఆ కారణాలు పట్టుకోగలిగినవాళ్లు మంచి ప్లాన్ గీస్తారు.

తర్వాత నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు చెక్క ఒకటి, రెండు పాయింట్లు, ఎనిమిది పొట్టి వ్యాగన్లు, ఒక చిన్న షంటింగ్ ఇంజను తెచ్చుకుని ఇంగిల్‌నూక్‌తో మొదలుపెట్టండి. కేకే లైను గీసే రోజు వస్తే ఆ చెక్కనే దాని మొదటి గూడ్స్ యార్డుగా కలుపుకోవచ్చు.